క్లాస్ టీచర్‌కు ఒక గంట

హైస్కూలు పిల్లవాడు రోజుకు ఆరేడుగురు ఉపాధ్యాయుల ముందు కూర్చుంటాడు. లెక్కల సార్‌కు వాడి లెక్కలు తెలుసు. తెలుగు మేడమ్‌కు వాడి దస్తూరి తెలుసు. పీఈటీ సార్‌కు వాడి పరుగు తెలుసు. వాడు మొత్తంగా ఎవరికి తెలుసు? వారం రోజులుగా మధ్యాహ్నం సరిగా తినడం లేదనీ, ముందు బెంచీ వదిలి వెనక్కి జరిగాడనీ, ఇంట్లో తండ్రి మంచాన పడ్డాడనీ ఒకచోట కలిపి చూడగలిగిన మనిషి బడిలో ఒకరైనా ఉండాలి. చాలా దేశాలు ఈ పనిని క్లాస్ టీచర్‌కే అప్పగించాయి. అందుకోసం టైంటేబుల్లో కొంత సమయం కేటాయించి, దానికి ప్రణాళిక రాసి, హోమ్‌రూమ్ గైడెన్స్ అని పేరు పెట్టాయి. మన బడుల్లో క్లాస్ టీచర్ ఉన్నారు. ఆ గంట మాత్రం చాలాచోట్ల లేదు. ఉన్నచోట కూడా అది పోర్షన్ పూర్తికాని సబ్జెక్టుకు వెళ్ళిపోతోంది.

ఈ గంటను ఎలా నడపాలన్నది నూరేళ్ళకు పైబడిన చర్చ. దాన్ని మొదటి నుంచీ చూస్తూ వచ్చాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. ప్రణాళికలు చాలావరకు తలకిందులుగా తయారవుతున్నాయి. ముందు అంశాల జాబితా రాస్తారు, తర్వాత మాడ్యూళ్ళు అచ్చేస్తారు, చివరికి ఎవరు నడపాలి, ఎప్పుడు నడపాలి అని వెతుక్కుంటారు. మనిషినీ సమయాన్నీ ముందు తేల్చుకున్న చోటే ఈ కార్యక్రమం నిలబడింది.

హోమ్‌రూమ్ పుట్టింది అమెరికా హైస్కూళ్ళలో. 1907 ప్రాంతంలో మిషిగన్ రాష్ట్రం గ్రాండ్ ర్యాపిడ్స్‌లో ప్రిన్సిపాల్‌గా ఉన్న జెస్సీ డేవిస్, ఇంగ్లీషు వ్యాసరచన పీరియడ్లలో నడవడి గురించీ వృత్తుల గురించీ పిల్లల చేత రాయించమని తన టీచర్లకు చెప్పాడు. 1908లో ఫ్రాంక్ పార్సన్స్ బోస్టన్‌లో వృత్తి సలహా కేంద్రం తెరిచాడు. అప్పట్లో హైస్కూళ్ళు పిల్లలతో కిక్కిరిసిపోతున్నాయి. పీరియడ్ పీరియడ్‌కీ గది మారే పిల్లలకు తమదంటూ ఒక గదీ ఒక టీచరూ ఉండాలని హోమ్‌రూమ్ ఏర్పరచారు. హ్యారీ మెకౌన్ 1934లో హోమ్‌రూమ్ గైడెన్స్ మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. 1958 నాటి జాతీయ రక్షణ విద్యా చట్టం నిధులతో శిక్షణ పొందిన కౌన్సెలర్లు బడుల్లోకి పెద్ద సంఖ్యలో వచ్చారు. అది అవసరమైన మార్పే. అయితే కాలక్రమంలో చాలా బడుల్లో హోమ్‌రూమ్ హాజరుకూ ప్రకటనలకూ పరిమితమైపోయింది. నిపుణుడు వచ్చాక క్లాస్ టీచర్ పని ఏమిటో స్పష్టంగా చెప్పకపోతే జరిగేది ఇదే. అక్కడి స్కూల్ కౌన్సెలర్ల సంఘం 250 మందికి ఒక కౌన్సెలర్ ఉండాలంటుంది. ఆ లెక్క కుదిరినా, 250 మందికి బాధ్యుడైన మనిషి 40 మందిని రోజూ కళ్ళారా చూసే మనిషికి బదులు కాలేడు.

జపాన్ యుద్ధానంతరం హోమ్‌రూమ్‌ను అమెరికా నుంచి తెచ్చుకుని తనదిగా మార్చుకుంది. అక్కడ తరగతికి సంబంధించిన కార్యకలాపాలకు ఏడాదికి 35 గంటలు జాతీయ పాఠ్యక్రమంలోనే ఉన్నాయి. ఆ గంటల్లో టీచర్ ఉపన్యాసం ఇవ్వడు. తరగతిలో వచ్చిన సమస్యను పిల్లలే ముందుపెట్టి, చర్చించి, ఒక నిర్ణయానికి వస్తారు. చర్చను నడిపేదీ నోట్సు రాసేదీ కూడా పిల్లలే. ఆ గంటకు ముందూ వెనకా రోజంతా దానికి ఊతంగా ఉంటుంది. పొద్దున ఒక చిన్న సమావేశం, ఇంటికెళ్ళే ముందు మరొకటి, వంతులవారీగా ఆ రోజు తరగతి బాధ్యత మోసే పిల్లలు, గదులు ఊడ్చి తుడవడం. ప్రాథమిక బడిలో మధ్యాహ్న భోజనం కూడా క్లాస్ టీచర్ పిల్లలతో కలిసి తరగతి గదిలోనే చేస్తారు. వడ్డించేదీ పిల్లలే. దాన్ని వాళ్ళు విద్యలో భాగంగానే లెక్కిస్తారు. మన బడుల్లోనూ మధ్యాహ్న భోజనం ఉంది. ఎవరు తింటున్నారు, ఎవరు పక్కకు తప్పుకుంటున్నారు, ఎవరి పక్కన ఎవరూ కూర్చోవడం లేదు అన్నది తెలిసేది అక్కడే. ఆ అరగంటలో క్లాస్ టీచర్ పిల్లల మధ్య కూర్చుంటే ఏ ప్రశ్నావళీ చెప్పలేనంత తెలుస్తుంది. అక్కడ మన టీచర్‌కు పడిన పని ఫొటో తీసి యాప్‌లో ఎక్కించడం.

జపాన్ పద్ధతిని ఈజిప్టు 2018లో ప్రారంభించిన ఈజిప్ట్-జపాన్ పాఠశాలల్లో అమలు చేస్తోంది. అయితే దాన్ని మెచ్చుకునేవాళ్ళు ఖర్చు కూడా చెప్పాలి. 2018 నాటి ఓఈసీడీ సర్వేలో జపాన్ మాధ్యమిక పాఠశాల టీచర్లు వారానికి 56 గంటలు పనిచేస్తున్నట్టు తేలింది. సర్వేలో పాల్గొన్న దేశాల సగటు 38 గంటలు. అన్నీ ఒక్క టీచర్ భుజాన వేస్తే ఏమవుతుందో జపాన్ కూడా గ్రహించింది. వేధింపులకు గురైన ఒక విద్యార్థి 1994లో ప్రాణం తీసుకున్నాక దేశమంతా కదిలిపోయింది. 1995 నుంచి బడులకు బయటి కౌన్సెలర్లను పంపడం మొదలైంది. పూర్తి బాధ్యత టీచర్‌దే అనుకున్న దేశం కూడా పక్కన ఇంకొక మనిషి కావాలని ఒప్పుకుంది.

ఈ విషయంలో మనకు అన్నిటికంటే దగ్గరి ఉదాహరణ ఫిలిప్పీన్స్. ఆర్థికంగా మనలాంటి దేశమే. బడులు కిక్కిరిసి ఉంటాయి, టీచర్లకు బోధనేతర పనులూ ఎక్కువే. అక్కడ 2004లో గైడెన్స్, కౌన్సెలింగ్ చట్టం వచ్చింది. కౌన్సెలర్‌గా పనిచేయాలంటే స్నాతకోత్తర పట్టా, పరీక్ష రాసి పొందిన లైసెన్సూ ఉండాలని నియమం పెట్టింది. ఉద్దేశం మంచిది. ప్రభుత్వ బడిలో ఆ ఉద్యోగానికి ఇచ్చే ప్రారంభ జీతం మాత్రం కొత్తగా చేరే టీచర్ జీతం స్థాయిలోనే ఉండిపోయింది. అంత చదివినవాళ్ళు రాలేదు. వేల పోస్టులు ఖాళీగా ఉండిపోయాయి. చట్టం గట్టిగా ఉండి, బడిలో మనిషి లేని పరిస్థితి.

ఆ ఖాళీలోకి క్లాస్ టీచర్లను తెచ్చిందే అక్కడి హోమ్‌రూమ్ గైడెన్స్. కోవిడ్‌తో బడులు మూతబడిన 2020-21లో విద్యాశాఖ దాన్ని కిండర్‌గార్టెన్ నుంచి 12వ తరగతి దాకా తాత్కాలిక మార్గదర్శకాలతో నడిపించింది. చదువు, వ్యక్తిగత-సామాజిక ఎదుగుదల, వృత్తి అనే 3 రంగాలు. వారానికి ఒక గంట. లైసెన్సున్న కౌన్సెలర్ లేని బడిలో ఒక టీచర్‌ను సమన్వయకర్తగా నియమిస్తారు. పిల్లలకు పంపిన మాడ్యూళ్ళు చివరికి పాఠం మీద ప్రశ్నతో ఆగలేదు. చదివాక నీకేమనిపించిందో చెప్పు అని అడిగాయి. ఇంట్లో ఒంటరిగా కూర్చున్న పిల్లవాడికి బడి నుంచి ఆ ప్రశ్న రావడం చిన్న విషయం కాదు.

ఆ కార్యక్రమంలో నాకు అన్నిటికంటే నచ్చింది మూల్యాంకన పత్రం. మార్కులు లేవు, ర్యాంకు లేదు. పిల్లవాడు ఏ మేరకు ఎదిగాడో మాటల్లో సూచించే కొన్ని గడులు. వాటిలో ఒకటి, గమనించే అవకాశం రాలేదని. టీచర్ తాను చూడనిదాన్ని చూడలేదని కాగితం మీద రాసే హక్కు ఆ గడి ఇస్తుంది. మన నిరంతర సమగ్ర మూల్యాంకనంలో విలువల విద్య, జీవన నైపుణ్యాలు అనే వరస ఉంది. దానికి ప్రతి పిల్లవాడికీ గ్రేడు వేయాలి. పిల్లవాడి నిజాయితీకి, సహనానికి ఏ ప్లస్సో బీ ప్లస్సో వేయమంటే టీచర్ ఏం చేస్తారు? లెక్కల మార్కులు చూసి వేస్తారు. గమనించలేదని రాసే చోటు లేని పత్రం టీచర్ చేత అబద్ధం రాయిస్తుంది. మన హోలిస్టిక్ ప్రోగ్రెస్ కార్డులు తయారుచేసేవాళ్ళు ఈ ఒక్క గడిని తెచ్చుకున్నా ఎంతో మేలు.

ఫిలిప్పీన్స్ అక్కడితో ఆగలేదు. 2024 డిసెంబరులో పిల్లల మానసిక ఆరోగ్యంపై కొత్త చట్టం చేసింది. ప్రభుత్వ బడుల్లో కేర్ సెంటర్లు పెట్టాలనీ, డిగ్రీ ఉన్నవాళ్ళు కూడా చేరగలిగేలా కౌన్సెలర్ అసోసియేట్ అనే పోస్టు సృష్టించాలనీ అందులో ఉంది. 20 ఏళ్ళు ఎవరూ ఎక్కలేని మెట్టును ఎట్టకేలకు తగ్గించారు. అర్హత మరీ ఎత్తులో పెడితే పిల్లవాడికి దక్కేది శూన్యమని ఆ దేశం నేర్పిన పాఠం ఢిల్లీకీ అమరావతికీ హైదరాబాదుకూ పనికొస్తుంది.

ఇదంతా నిజంగా పనిచేస్తుందా అన్నది పరిశోధకులు చాలాకాలంగా అడుగుతున్న ప్రశ్న. 2011లో జోసెఫ్ డర్లాక్ బృందం బడుల్లో నడిచిన 213 సామాజిక-భావోద్వేగ కార్యక్రమాలను, వాటిలోని 2,70,000 మంది పిల్లల ఫలితాలను కలిపి పరిశీలించింది. నడవడి మెరుగుపడటంతో పాటు చదువులో కూడా 11 పర్సెంటైల్ పాయింట్ల మేలు కనబడింది. మామూలు తరగతి టీచర్లు నడిపిన కార్యక్రమాలూ ఫలించాయి. ఒక క్రమంలో సాగడం, పిల్లల చేత చేయించడం, తగినంత సమయం ఇవ్వడం, లక్ష్యం స్పష్టంగా ఉండటం అనే 4 లక్షణాలున్నవే బాగా పనిచేశాయి. ఈ అధ్యయనాన్ని అందరూ ఉదహరిస్తారు.

తక్కువగా ఉదహరించేది మన బిహార్‌లో జరిగింది. నలంద జిల్లాలో 74 ప్రభుత్వ బడుల్లో సెహర్ అనే కార్యక్రమాన్ని పరీక్షించి, ఫలితాలను 2018లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. కొన్ని బడుల్లో దాన్ని అక్కడి టీచరే నడిపారు. కొన్నింటిలో కౌన్సెలింగ్ పట్టా లేకపోయినా శిక్షణ ఇచ్చి పెట్టిన ఒక పూర్తికాలపు కార్యకర్త నడిపారు. మిగిలిన బడులను పోల్చి చూడటానికి ఉంచారు. అసెంబ్లీలో మాట్లాడటం, గోడపత్రిక, పిల్లలు మనసులో మాట రాసి వేసే పెట్టె, బృంద చర్చలు, అవసరమైన పిల్లలతో విడిగా మాట్లాడటం, అంతా ఒకే కార్యక్రమం. కార్యకర్త ఉన్న బడుల్లో వాతావరణం మెరుగుపడింది, వేధింపులూ హింసా తగ్గాయి, కుంగుబాటు లక్షణాలు తగ్గాయి. టీచర్లు నడిపిన బడుల్లో చెప్పుకోదగిన తేడా రాలేదు.

దీన్ని చదివి టీచర్లకు చేతకాదని తీర్మానించడం అన్యాయం. తన సబ్జెక్టూ, తన రికార్డులూ, తన డ్యూటీలూ యథాతథంగా ఉండగా అదనంగా ఇంకొక కార్యక్రమం నెత్తిన పెట్టిన మనిషికీ, అదే పనిగా వచ్చిన మనిషికీ మధ్య జరిగిన పోటీ అది. మార్కులు వేసే చేతికే మనసులో మాట చెప్పడానికి పిల్లలు జంకడం కూడా సహజమే. ఐరోపాలో 10 దేశాల్లో 11,000 మందికి పైగా పిల్లలతో జరిగిన సెయిల్ అధ్యయనం 2015లో ఇలాంటిదే చూపింది. ప్రమాద సంకేతాలు గుర్తించేలా టీచర్లకు శిక్షణ ఇచ్చిన చోట చెప్పుకోదగిన తేడా రాలేదు. బయటి నుంచి వచ్చిన శిక్షకులు 4 వారాల్లో 5 గంటల పాటు పిల్లల చేతనే సందర్భాలు నటింపజేసి, మాట్లాడించిన చోట ఏడాది తర్వాత ఆత్మహత్యాయత్నాలు దాదాపు సగానికి తగ్గాయి. బ్రిటన్‌లో 85 బడుల్లో టీచర్ల చేత ధ్యానం నేర్పించిన పెద్ద ప్రయోగం 2022లో ఏ మేలూ చూపలేకపోయింది. మంచి ఆలోచన, మంచి మాడ్యూల్ ఉంటే చాలదని ఈ మూడూ గట్టిగా చెబుతున్నాయి.

మన దేశంలో కాగితం మీద లోటు లేదు. 1952-53 మొదలియార్ కమిషన్ మాధ్యమిక విద్యలో గైడెన్స్ ఉండాలంది. 1964-66 కొఠారీ కమిషన్ అది ప్రాథమిక దశ నుంచే మొదలవాలనీ, కనీసం 10 హైస్కూళ్ళకు ఒక కౌన్సెలర్ ఉండాలనీ చెప్పింది. చుట్టుపక్కల బడులను ఒక జట్టుగా కలిపే స్కూల్ కాంప్లెక్స్ ఆలోచనను ఇచ్చిందీ ఆ కమిషనే. ఈ రెండు సిఫార్సులనూ పక్కపక్కన పెట్టి చూస్తే దారి దొరుకుతుంది. కాంప్లెక్సులు మనకు ఉన్నాయి, టీచర్లు సమావేశాలకు వెళ్తూనే ఉన్నారు. కాంప్లెక్సుకు ఒక కౌన్సెలర్ మాత్రం రాలేదు. 2020లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ కింద బడికి ఇద్దరు టీచర్లను ఆరోగ్య రాయబారులుగా ఎంపిక చేసి, 11 అంశాల మీద వారానికో గంట నడపమంది. ఢిల్లీ ప్రభుత్వం 2018లో ఆనంద పాఠ్యక్రమం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆనందవేదిక నడిచింది. ఒక్కొక్కటీ ఒక్కో శాఖ నుంచి, ఒక్కో పుస్తకంతో, ఒక్కో యాప్‌తో వచ్చింది. బడిలో అవన్నీ చేరేది మాత్రం ఆ ఇద్దరు ముగ్గురు టీచర్ల దగ్గరికే.

2025 జూలై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వీటన్నిటినీ ఒక మలుపు తిప్పగలదు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌కు చేరిన 17 ఏళ్ళ అమ్మాయి మరణంపై ఆమె తండ్రి వేసిన కేసు అది. నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. కోర్టు 15 మార్గదర్శకాలు ఇచ్చి, చట్టం వచ్చేదాకా అవే అమల్లో ఉంటాయంది. 100 మంది, అంతకు మించి పిల్లలున్న సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. పరీక్షలప్పుడూ, పై తరగతికి మారే సమయంలోనూ పిల్లలను చిన్న బృందాలుగా విడదీసి ఒక్కో బృందానికి ఒక మార్గదర్శిని కేటాయించాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడం, అందరి ముందు కించపరచడం మానాలి. ఆ చివరి వాక్యం మన కార్పొరేట్ కాలేజీలను దృష్టిలో పెట్టుకుని రాసినట్టే ఉంటుంది. వారం వారం పరీక్ష పెట్టి, సెక్షన్ మార్చి, గోడ మీద ర్యాంకు అంటించే చోట ఎంత మంచి గైడెన్స్ గంటా పనిచేయదు. ఉదయం పడిన దెబ్బకు సాయంత్రం మందు రాయడమే అవుతుంది.

ఇక మన బడికి ప్రణాళిక రాయాల్సి వస్తే నేను మొదట పట్టుబట్టేది క్లాస్ టీచర్ పనిభారం మీద. వారానికి ఒక గంట గైడెన్స్ అంటే, ఆ మేరకు ఒక పీరియడ్ బోధన తగ్గించాలి, హాజరు తప్ప మిగతా యాప్ పనులు వేరొకరికి అప్పగించాలి. అది హెచ్ఎం చేతిలో పూర్తిగా లేని పని, శాఖ ఉత్తర్వు కావాలి. రెండోది, అదే టీచర్ ఆ తరగతితో కనీసం రెండేళ్ళు సాగాలి. అమెరికాలోని నార్త్ కరోలైనాలో రెండో ఏడూ అదే టీచర్‌తో చదివిన పిల్లలకు స్వల్పంగానైనా మేలు జరిగిందని 2018లో ఒక అధ్యయనం తేల్చింది. దీనికి పైసా ఖర్చు లేదు. ఎనిమిదిలో ఉన్న క్లాస్ టీచర్ తొమ్మిదికి వెంట వెళ్తే సరిపోతుంది. మూడోది, కాంప్లెక్సుకు ఒక శిక్షణ పొందిన కార్యకర్త. పది బడులు తిరుగుతూ ఒక్కో బడికి రోజు కేటాయించే మనిషి. స్నాతకోత్తర పట్టా కోసం ఎదురుచూస్తూ ఇంకో 20 ఏళ్ళు పోగొట్టుకోవద్దు.

అంశాల విషయంలో కొత్తగా కనిపెట్టాల్సింది తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 10 జీవన నైపుణ్యాలు ఉన్నాయి, కౌమార ఆరోగ్యం పుస్తకాలు ఉన్నాయి. క్రమాన్ని మాత్రం మన విద్యా సంవత్సరం నుంచే తీసుకోవాలి. జూన్‌లో ఆరో తరగతికి ఊళ్ళోని చిన్న బడి నుంచి వచ్చిన పిల్లకు పెద్ద బడి భయం, హాస్టల్లో చేరిన పిల్లకు ఇంటి మీద బెంగ. ఆ నెలంతా పరిచయాలకే. దసరా సెలవుల నుంచి తిరిగి రాని పిల్ల ఎక్కడుంది? పత్తి ఏరడానికి వెళ్ళిందా, పెళ్ళి సంబంధం చూస్తున్నారా? అది అక్టోబరు పని. సంక్రాంతి తర్వాత పదో తరగతికి స్టడీ అవర్స్ పెరుగుతాయి, నిద్ర తగ్గుతుంది. అప్పుడు గైడెన్స్ గంటను రివిజన్‌కు ఇచ్చేయమనే ఒత్తిడి వస్తుంది. ఆ గంట అన్నిటికంటే కావాల్సింది ఆ రెండు నెలల్లోనే కాబట్టి ఇవ్వకూడదు. ఇంటర్ గ్రూపుల మాట ఎలాగూ బంధువులు చెబుతారు. పాలిటెక్నిక్, ఐటీఐ, ట్రిపుల్ ఐటీ ప్రవేశాలు ఎలా జరుగుతాయో బడి చెప్పాలి.

ప్రణాళికలో తప్పక రాయాల్సింది ఇంకొకటి. పిల్లవాడు నోరు తెరిచాక ఏమిటి? "ఎవరికీ చెప్పనంటే చెప్తాను సార్" అని ఒక పిల్ల అంటే టీచర్ మాట ఇవ్వకూడదు. లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పడం పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం ప్రతి ఒక్కరి విధి, చెప్పకపోతే శిక్ష ఉంది. కాబట్టి ఏ విషయం తన దగ్గర ఉంచుకోగలరో, ఏది ఉంచుకోలేరో టీచర్ మొదటి గంటలోనే పిల్లలకు చెప్పాలి. ఎవరికి ఫోన్ చేయాలి, ఏ ఆసుపత్రికి పంపాలి, హెచ్ఎం లేనప్పుడు ఎవరు బాధ్యులు అన్నది ఒక కాగితం మీద స్టాఫ్ రూమ్‌లో ఉండాలి. పిల్లల సహాయానికి 1098, మానసిక ఆరోగ్యానికి టెలీమానస్ 14416. ఇవి గోడ మీద రాసి వదిలేస్తే చాలదు. ఒకసారి తరగతిలోనే స్పీకర్ పెట్టి ఫోన్ చేసి చూపిస్తే పిల్లలకు ఆ నంబరు మీద భయం పోతుంది.

తల్లిదండ్రులను కలుపుకోవడంలో ఆంధ్రప్రదేశ్ 2024 డిసెంబరు 7న ఒకేరోజు అన్ని ప్రభుత్వ బడుల్లో సమావేశాలు పెట్టి మంచి పని చేసింది. అయితే సభలో తండ్రి తన పిల్లవాడి గురించి మాట్లాడలేడు. ఫిలిప్పీన్స్‌లో తరగతివారీగా తల్లిదండ్రుల సంఘాలు ఉన్నాయి. మన దగ్గర కూడా తరగతివారీగా, కూలి పోకుండా సాయంత్రం వేళ, ఒక్కో కుటుంబానికి పది నిమిషాలు చొప్పున క్లాస్ టీచర్‌తో కూర్చునే ఏర్పాటు ఉంటేనే ఇంటి సంగతి బడికీ, బడి సంగతి ఇంటికీ చేరుతుంది.

చివరగా, ఎవరి టైంటేబుల్లోనూ లేని రోజు ఒకటుంది. 2025లో పదో తరగతి ఫలితాలు ఆంధ్రప్రదేశ్‌లో ఏప్రిల్ 23న, తెలంగాణలో 30న వచ్చాయి. అంటే బడులు వేసవి సెలవులకు మూసే వేళ. పదేళ్ళ చదువులో పిల్లవాడికి పెద్ద దెబ్బ తగలగల ఆ రోజున బడికి తాళం ఉంటుంది, క్లాస్ టీచర్ ఊళ్ళో ఉండకపోవచ్చు. పరీక్షలకు ముందు నడిపే చివరి గైడెన్స్ గంటలోనే తప్పినవాళ్ళు ఏం చేయాలో, సప్లిమెంటరీకి ఫీజు ఎప్పుడు కట్టాలో చెప్పి, ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో పేర్లతో రాసుకోవాలి. ఫలితాల రోజూ, తర్వాతి రెండు రోజులూ క్లాస్ టీచర్ బడిలో ఉండి, ఫెయిలైన ప్రతి పిల్లవాడితోనూ మాట్లాడటం విధిగా ప్రణాళికలో ఉండాలి. ఎన్నికల డ్యూటీకి సెలవుల్లో పనిచేస్తే ఆర్జిత సెలవు ఇస్తున్నారు. ఈ మూడు రోజులకూ అదే లెక్కన ఇవ్వాలి, ఉత్తర్వు మార్చి నెలలోనే రావాలి.